లేజరుకు పనికిరాని ఒక్కపొద్దు

మా చెల్లెలి కూతురు హైదరాబాద్‌లో పరిశోధన చేసేది. రక్తంలో కొవ్వును మోసుకు తిరిగే ప్రొటీన్లు గుండె నాళాలకు ఎలా చేటు తెస్తాయన్నది ఆమె చదువు. ప్రొటీను మీదికి లేజరుతో ఒక వెలుగు తునకను వదిలి, వెంటనే ఇంకో తునక పంపి, ఈలోగా అది ఎలా కదిలిందో చూస్తారట. ఆ తునక ఎంతసేపుంటుందని అడిగాను. ముప్పై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పినదాన్ని, "చాలా తక్కువ పెద్దమ్మా" అంటే ఊరుకోను. సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేసి, అందులో ఓ వంద భాగాలు తీసుకొమ్మంది. సున్నాలు వేసుకుని చూశాను. అప్పుడు గానీ ఒప్పుకోలేదు.

2006 ఎండాకాలంలో ఆమె ఇల్లందులో మా ఇంటికి వచ్చింది. మా నాన్న గుండెజబ్బుతో పోయాడు, గనిలో పనిచేసిన మా తమ్ముడికీ అదే వచ్చింది. అందుకని తమ్ముడి రక్తం, నా రక్తం కావాలంది. పోల్చి చూడటానికి మా వంశం కాకుండా, అదే వంట తినే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి తమ్ముడి భార్య, మా మరదలు. అందరం సంతకాలు పెట్టాం.

హైదరాబాద్‌లో లేజరు గదిలో పిల్ల వంతు సోమవారం. అది తప్పితే మళ్ళీ వానలు వెళ్ళాకే. ఆలోగా కొలతలు చూపకపోతే ఉపకారవేతనం ఆగిపోతుంది. పిల్ల ఆ మాట నాకొక్కదానికే చెప్పింది.

శనివారం పొద్దున ఊళ్ళో రక్తపరీక్షలు చేసే ల్యాబ్ అబ్బాయి ఇంటికొచ్చి ముగ్గురికీ రక్తం తీశాడు. అతని దుకాణంలో యంత్రంలో వేసి తిప్పితే ఎర్రనిది అడుగుకు దిగి, పైన తేట మిగిలింది. నాదీ తమ్ముడిదీ లేత పసుపు. మరదలిది బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది.

పిల్ల గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "ఇది లేజర్‌కు పనికిరాదు పెద్దమ్మా. వెలుగు లోపలికి పోక చెదిరిపోతది. అత్తమ్మకు ఒంట్ల ఏమన్న ఉందో ఏమో" అంది.

ఇంటికెళ్ళి మరదలిని అడిగాను. "పొద్దున ఏమన్న తిన్నవా?"

"అయ్యో, ఏం తినలే వదినె! ఒక్కపొద్దుండాలె అన్నడు కద మీ తమ్ముడు. ఎట్లాగూ శనివారమే."

"ఒక్కపొద్దుల ఏం పుచ్చుకున్నవ్?"

"ఏముంది, అటుకులు పెరుగుల నానేసుకున్న. మీగడ పాలు తాగిన. మెతుకు ముట్టలే, ఒట్టు."

పిల్ల తల పట్టుకుని అక్కడే కూలబడింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ మీగడ కొవ్వే రక్తంలో చేరి తేటను తెల్లగా చేసిందట. వచ్చే ముందు ఆమె ఫోనులో "ఫాస్టింగ్" అంది. తమ్ముడు దాన్ని ఒక్కపొద్దు చేసి పెళ్ళానికి అందించాడు. మా వైపు ఒక్కపొద్దంటే అన్నం మానడమే, పాలూ పండ్లూ అటుకులూ లెక్కలోకి రావు.

"నువ్వు మంచినీళ్ళు తప్ప ఏం ముట్టకుండ ఉండి, నాకు మాత్రం ఒక్కపొద్దని చెప్పినవా?" అని మరదలు తమ్ముడి మీదికి లేచింది.

"నాకు డాక్టర్ చెప్పిండు, నీకు నేను చెప్పిన. ఎవరి డాక్టర్ వాళ్ళకు" అన్నాడు వాడు.

ల్యాబ్ అబ్బాయి ఆదివారం కూడా వస్తానన్నాడు. ఆ రాత్రి భోజనం పెందలాడే ముగించి, మరదలు పాలగిన్నె పక్కింట్లో పెట్టించింది. తన చెయ్యి మీద తనకే నమ్మకం లేదట. తెల్లారి రక్తం తీస్తుండగానే "ఇగ చాయ తాగచ్చా బిడ్డా?" అని అడిగింది. "సూది తియ్యనీయ్ అత్తమ్మా!" అని పిల్ల అరిచింది.

ఈసారి తేట లేత పసుపుగా వచ్చింది. గొట్టాన్ని నేనూ కిటికీ దగ్గర పట్టుకుని చూశాను, అవతల వేపచెట్టు ఆకులు కనబడ్డాయి. ముగ్గురి నమూనాలూ మంచుపెట్టెలో సర్దుకుని పిల్ల హైదరాబాద్ పోవడానికి ఖమ్మం బస్సెక్కింది.

మంగళవారం మధ్యాహ్నం ఫోను వచ్చింది. "వచ్చినయ్ పెద్దమ్మా! మూడిటివీ కొలతలు వచ్చినయ్. మా సారు చూసిండు, మంచిగున్నయన్నడు."

తమ్ముడు ఫోను లాక్కుని, "నా గుండె సంగతి ఏమన్న తెలిసిందా?" అన్నాడు.

"అది తెలవాలంటే ఇంకా శానా ఏండ్లు పడతది మామా. ఇప్పుడైతే నా స్కాలర్‌షిప్ ఆగదు."

"గంతేనా! సరే తీ, అదన్న అయింది" అని ఫోను నా చేతికిచ్చి వాడు మంచమెక్కాడు. నేను పిల్లను "తిన్నవా?" అని అడిగాను. నిన్నటి నుంచీ సరిగా తినలేదంది. ముందు పోయి అన్నం తినమని ఫోను పెట్టేశాను.