నూరు గడపల వల

మొన్న బాపట్లలో మా మేనకోడలి పెళ్లికి వెళ్లాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లంతా సముద్రం చూడాల్సిందేనని పట్టుబట్టడంతో ఆటోలు మాట్లాడుకుని బయల్దేరాం. నేనెక్కిన ఆటో నడిపే కుర్రాడు మహా మాటకారి. సరుగుడు తోటలు మొదలయ్యేసరికి సగం వెనక్కి తిరిగి, తూర్పుగా ఇసుక తిన్నెల కింద నూరు గడపల ఊరొకటి ఉందనీ, ఒకనాడు గంగమ్మతల్లి ముసలి వేషంలో వచ్చి అక్కడి బావి దగ్గర దాహమడిగితే ఎవరూ చుక్క నీళ్లు పొయ్యలేదనీ, ఆ రాత్రే ఇసుక లేచి తెల్లారేసరికి ఊరంతా మాయమైందనీ, బావి మాత్రం ఇప్పటికీ ఉంది గానీ ఆ ఊరి ఆడపడుచుకు తప్ప ఇంకెవరికీ కనపడదనీ చెప్పుకొచ్చాడు. "ఒక్క రాత్రండీ, ఒకే ఒక్క రాత్రి!" అని చిటికె వేశాడు. నేను నవ్వుకోవడం చూసి మా ఆవిడ, "ఏంటండీ, కొంపదీసి ఆ బావి మీకూ కనపడిందా?" అంది.

కనపడింది. ఆ నీళ్లు తాగాను కూడా.

నాకు అప్పుడు ఇరవై దాటి ఉంటాయి. తెనాలిలో ఒక కలప అడితిలో పని. నేను లెక్కలు బడిలో నేర్చుకున్నది తక్కువ, దుంగల మీద నేర్చుకున్నది ఎక్కువ. వంకర దుంగను చూసి కోస్తే ఎన్ని పలకలు వస్తాయో చెప్పడం, చెట్టు నీడను బట్టి దాని ఎత్తు కట్టడం లాంటివి నాకు నేనుగా పట్టుబడ్డాయి. మనలో అప్పట్లో చాలామంది అలా నేర్చుకున్నవాళ్లమే కదా. పడవ పలకల కోసం రేపల్లె అవతల సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఒకతను మా అడితికి వచ్చేవాడు. బేరం దగ్గర మొదలైన పరిచయం టీ దగ్గర స్నేహమైంది. ఆ మిత్రుడు ఒకరోజు పలకల కోసం కాకుండా నా కోసమే వచ్చాడు.

వాళ్ల చెల్లెలి పెళ్లి కుదిరింది. వాళ్లలో ఒక ఆచారం ఉంది. పెళ్లికూతురి మంగళస్నానానికి మొదటి బిందె ఇంటి పెద్దావిడ పుట్టింటి బావి నుంచి రావాలి. ఆ పెద్దావిడ వాళ్ల మామ్మ, నాన్నగారి తల్లి. ఆమె పుట్టింది ఇసుకలో కలిసిపోయిన ఆ పాతపల్లెలోనే. తన కూతుళ్ల పెళ్లిళ్లకు పక్కూరి నీళ్లతో సరిపెట్టుకుంది గానీ ఆ వెలితి ఆమెను వదల్లేదు. ఇక తన చేతుల మీద జరిగే ఆఖరి పెళ్లి ఇదే, ఆ బావి నీళ్లయితేనే పోస్తాను, లేకపోతే బిందె ముట్టనని కూర్చుంది. మగవాళ్లు రెండుసార్లు వెళ్లి వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. పెళ్లి ఇక రెండు రోజులుందనగా, "దుంగ లోపలేముందో చెప్పేవాడివి, ఇసుక లోపలేముందో చెప్పలేవా భాయ్?" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

మా అమ్మీ తోమిన ఇత్తడి బిందె ఒకటి నా చేతిలో పెట్టి, నీళ్లు దొరికితే తనకూ ఒక గ్లాసెడు తెమ్మని పంపింది. రేపల్లె దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మర్నాడు పొద్దున్నే మామ్మ ముందు, మేమిద్దరం పార, గునపం పట్టుకుని వెనక నడిచాం. దారిలో ఒక కాలువ ఉంది. పాటు మీద ఉన్నప్పుడు మోకాలి లోతు, పోటు వస్తే నిలువు లోతు. మధ్యాహ్నం దాటితే పోటు వచ్చేస్తుంది, ఈలోపు వెళ్లి రావాలి. రెండు పక్కలా నేనూ మనవడూ రెక్క పట్టుకోబోతే ఆమె మమ్మల్ని విదిలించుకుని చీర ఎగదోపుకుని మా కంటే ముందే అవతలి గట్టెక్కింది.

పాతపల్లెలో చూడ్డానికేమీ లేదు. ఎటు చూసినా పసుప్పచ్చటి ఇసుక, గాలి గీసిన గీతలు, మొవ్వు దాకా పూడుకుపోయి పొదల్లా కనిపించే తాటి తలలు. పడవలు కట్టే రాయి ఒకటి మాత్రం జానెడు పైకి తేలి ఉంది. బావికి గుర్తు ఏంటని నేను ముందే అడిగాను. ఊరుమ్మడి వలను ఆరేసేటప్పుడు ఒక కొస ఈ రాతికి కట్టి తాటిచెట్ల వైపు పరిస్తే, రెండో కొస సరిగ్గా బావి ఒర దగ్గరికి వచ్చేదని మామ్మ చెప్పింది. ఆ వల ఒక్కరిది కాదు. ఇంటికో ముక్క అల్లుకుని వచ్చి అన్నీ కలిపి కుట్టేవాళ్లు. ముక్క రెండు బారలు. ఇంత తేలిక లెక్క నాకు అడితిలో ఎప్పుడూ తగల్లేదు. నూరు గడపలు, గడపకు రెండు బారలు. తాడు పట్టుకుని కొలుచుకుంటూ పోయి తిన్నె అవతల ఒకచోట గునపం పాతాను.

నడుం లోతు తవ్వాం. గుల్లలు వచ్చాయి, ఎండ్రకాయ ఒకటి వచ్చింది, బావి రాలేదు. ఎండ నెత్తికెక్కింది. మిత్రుడు సముద్రం వైపు చూసి పోటు మొదలవుతోందని గొణిగాడు. పెళ్లికూతురికి వెళ్లి ఏం చెప్పాలో తెలియక నేను పార ఆన్చుకుని నిలబడ్డాను. రాయి దగ్గర చద్దిమూట విప్పుకుని కూర్చున్న మామ్మ తింటూ తింటూనే లేచి తిన్నె మీదికొచ్చి కేకేసింది.

"ఏవయ్యా సాయిబుగారబ్బాయ్, బావిని పక్కూళ్లో తవ్వుతున్నావేంటి?"

"మీ లెక్కేనండీ మామ్మగారూ. నూరు గడపలు, గడపకు రెండు బారలు."

"నూరని నీకెవరు చెప్పారు?"

"నువ్వే కదే చెప్పావ్, చిన్నప్పటి నుంచీ!" అన్నాడు మనవడు ఉక్రోషంగా.

"అది కథలోరా సన్నాసీ. వలలో నూరెక్కడివి?"

అని పకపకా నవ్వి, చద్ది చేతిని చీరకు తుడుచుకుని వేళ్లు ముడవడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ కాలంలో వల బావి దాటి గుడి దాకా పోయేదట. ఇసుక మీదికొచ్చిన కొద్దీ ఏడాదికో ఇల్లు లేచి వెళ్లిపోయేది, వెళ్లేవాళ్లు తమ ముక్క విప్పుకుపోయేవాళ్లు, వల ఇటు జరిగేది. తన చిన్నతనంలో ఆఖరిసారి ఆరేసిన ఏడు అది బావి దగ్గర ఆగింది. ఆ ఏడు మిగిలిన ఇళ్లను పెదనాన్న ఇల్లు, మేనత్త ఇల్లు, పడవ మేస్త్రీ ఇల్లు అంటూ ఒక్కొక్కటే తలుచుకుంది. ఎంత తలుచుకున్నా లెక్క ఇరవై దగ్గరే ఆగింది.

తాడు వెనక్కి చుట్టుకుంటూ వచ్చాను. కొత్త లెక్క రాయికి బాగా దగ్గరగా, గాలి తొలిచిన పల్లంలో పడింది. మేం చద్ది కోసం వస్తూ పోతూ తొక్కుతున్న చోటే. గునపం దించితే కింద ఖణేల్మంది. చేతులతో ఇసుక తోస్తే సున్నపు ఒర వంపు బయటపడింది. దాని లోపల చెలమలా తవ్వుతుంటే ఇసుక తడైంది, తర్వాత నల్లబడింది, తర్వాత నీళ్లు ఊరాయి. మిత్రుడు పార విసిరేసి గెంతులు వేశాడు. మామ్మ మాత్రం గెంతలేదు. నీళ్లు తేరేదాకా ఓపిగ్గా కూర్చుని, దోసిలి నింపుకుని ముందు నా ముఖం ముందు పెట్టింది.

"తాగు నాయనా. పై ఊరివాడివి. మా బావి దగ్గర దాహానికి నీళ్లివ్వలేదన్న మాట ఇవాళ్టితో చెల్లు."

కొబ్బరినీళ్లంత తీపి. తర్వాతే ఆమె తాగింది, తర్వాత మనవడు. బిందె నింపుకుని పరుగు మీద వచ్చేసరికి కాలువ నడుం దాకా వచ్చేసింది. బిందెను ఎవరికీ ఇవ్వనంది. నెత్తిన ఆమె పట్టుకుంది, ఆమెను మేం పట్టుకున్నాం. ముగ్గురం నవ్వుతూ, తడుస్తూ దాటాం. మర్నాడు పందిట్లో ఆ బిందె వంచి మనవరాలి తల మీద పోస్తున్నప్పుడు మామ్మ ముఖం చూడాలి. పెళ్లికూతురి కంటే ఆమే పడుచుగా ఉంది. మా అమ్మీకి గ్లాసెడు నీళ్లు సీసాలో తెస్తే, బిస్మిల్లా అని గుక్కెడు తాగి మిగిలింది ఇంటిల్లిపాదికీ పంచింది.

పెళ్లి నుంచి వచ్చేముందు మామ్మను ఒక మాట అడిగాను. జనం ఒక్కొక్కరుగా వెళ్లారని వల చెబుతోంది కదా, మరి ఒక్క రాత్రి అని మీరే ఎందుకు చెబుతారండీ అన్నాను. తమలపాకుకు సున్నం రాసుకుంటూ ఆవిడ తాపీగా జవాబిచ్చింది.

"మిగిలినోళ్లు ఏళ్ల తరబడి వెళ్లారు బాబూ. ఆఖరిల్లు మాదే. మేం ఒక్క రాత్రే వెళ్లాం."

ఆ మిత్రుడి కొడుకులు ఇప్పుడు మరపడవల మీద పోతున్నారు. నైలాను వలలు దుకాణంలో దొరుకుతాయి, ఎవరి వల వాళ్లదే, ఎంత పొడవు కావాలంటే అంత. మంచిదే, కష్టం తగ్గింది. కాకపోతే ఒక ఇల్లు లేచి వెళ్లిపోతే ఎంత మేర తరిగిందో ఆ వలలు చెప్పవు. ఎదురింటివాళ్లు తాళం వేసి వెళ్లిన ఎన్నాళ్లకో మనకు తెలుస్తోంది. ఆటో కుర్రాడు అద్దంలోంచి చూస్తూ, "నమ్మట్లేదా అండీ?" అన్నాడు. నమ్ముతున్నాను బాబూ, ఒక్క రాత్రే అన్నాను. దిగాక నీళ్ల సీసా కొని, మూత తీసి ముందు అతనికే ఇచ్చాను.