తిట్టి వసూలు చేసిన చందా

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా పిన్నమ్మ నోరు ఏనాడూ మంచిది కాదు. అయినా తిరుపతి ఊరు ఆమెకు మంచిదే అయింది. అదెలాగో చెప్తాను.

పిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. వడమాలపేట దగ్గర పల్లెలో ఉంటుంది. కిడ్నీలు చెడిపోయి, వారానికి మూడుసార్లు డయాలసిస్ కోసం తిరుపతికి వస్తుంది. ఆ వైపు పల్లెల్లోని రోగులను ఆసుపత్రికి తెచ్చి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపే ఉచిత వ్యాను ఒకటుంది. డీజిలుకు డబ్బుల్లేక అది ఆగిపోయేట్టుందని ఈ వేసవి మొదట్లో తెలిసింది. అంతకుముందు ఒకసారి వ్యాను చెడిపోయిన రోజున, డయాలసిస్ అయ్యాక చేతి సూదులు తీయించుకుని బస్సెక్కిన పిన్నమ్మ టోల్‌గేటు దగ్గర, బస్సులో నిలబడ్డచోటే కుప్పకూలింది. కండక్టరు మొహాన నీళ్ళు చల్లితే, తెలివి రాగానే ఆయన్ని అన్న మొదటి మాట ఇక్కడ రాయలేను. నాకు మాత్రం ఆ రోజే వ్యాను ఆగితే ఈమె మాకు దక్కదని తెలిసిపోయింది.

నేను తిరుపతిలో ఉంటూ, శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేస్తాను. బొజ్జ తగ్గించమని డాక్టరు అన్నప్పటి నుంచి తెల్లవారుతూనే పరిగెత్తడం మొదలుపెట్టి, చివరికి ఆ పిచ్చిలో పడ్డాను. కాబట్టి నాకు తోచిన ఉపాయం కూడా అదే. ఒక శనివారం పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా కాలేజీ మైదానం చుట్టూ పరిగెత్తుతాను, ఊళ్ళోవాళ్ళు వ్యానుకు చందా ఇవ్వాలి. కరపత్రం అచ్చు వేయించాను. ‘దయగల దాతలారా’ అని మొదలుపెట్టి, మానవసేవే మాధవసేవ అని ముగించాను. చదువుకుంటే నాకే కళ్ళు చెమర్చాయి.

ఇంకెవరికీ చెమర్చలేదు. మా వీధి చివర లాడ్జి ఓనరు కరపత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నువ్వు ఉరికితే నీ ఒళ్ళు తగ్గుతాది. నా దుడ్లెందుకు తగ్గాలప్పా?” అన్నాడు.

పక్కనున్న మామిడి మండీ యజమాని మంచి సలహా ఇచ్చాడు. “కొండకు నడిసిపో. పుణ్యమన్నా వస్తాది. గ్రౌండు సుట్టూ గానుగెద్దు మాదిరి తిరిగితే ఏమొస్తాది?”

ఈ సంగతి పిన్నమ్మకు చెప్పి, కరపత్రం చేతికిచ్చాను. ఆమె మొదటి రెండు వాక్యాలు చదివి దాంతో విసురుకోవడం మొదలుపెట్టింది.

“కుక్క తరమకుండా ఉరికేవానికి ఎవురిస్తార్రా దుడ్లు? దయగల దాతలంట! దయే ఉండుంటే వాళ్ళకు అంత ఆస్తి యాడ మిగిలేది? ఇట్ల దేబిరిస్తే పని కాదు. గంగజాతర రానీ.”

గంగజాతర వారంలో తిరుపతిలో వేషం కట్టినవాడు ఎవరిని ఎంత మాటన్నా చెల్లుతుంది. తిట్టించుకున్నవాడు కోపం తెచ్చుకోకూడదు. పీడ వదిలిందని దండం పెట్టి, చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. పిన్నమ్మ మొహానికి బొగ్గుమసి పూసుకుంది. మెడలో వేపమండలు వేసుకుంది. సూదులు గుచ్చే చేతికి మాత్రం మసి తగలకుండా తువ్వాలు చుట్టుకుంది. మసి వేషం మగవాళ్ళది కదా అని నేను నసిగాను.

“కిడ్నీలు పోయినాక మొగేంది, ఆడేంది. ఆటో పిలువు,” అంది.

ముందు మామిడి మండీ దగ్గర ఆపించింది. ఆటోలో కూర్చునే గొంతెత్తింది. “ఒరే! పచ్చికాయను నాలుగు దినాల్లో మాగేస్తావంట గదరా. నువ్వు మాగేదెప్పుడురా? తలకాయ నెరిసినా ఇంగా పుల్లగానే ఉండావు!” మండీలో కూలీలంతా బుట్టలు దించేసి నవ్వారు. యజమాని చేతులు జోడించాడు. లాడ్జి ముందు ఆమె ఇంకా విజృంభించింది. “బకెట్టు నీళ్ళకు గూడా బిల్లేసే నాయాలా! రేపు నీ నోట్లో తులసినీళ్ళు పోసేవాడు గూడా బిల్లు సేతికిచ్చినాకే పోస్తాడురా!” ఓనరు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, లోపలికి పరిగెత్తి భార్యను తీసుకొచ్చాడు. “ఈమెను గూడా రోంత తిట్టు తల్లీ,” అన్నాడు.

ఆయన మజ్జిగ తెప్పిస్తే పిన్నమ్మ ముట్టుకోలేదు. ఆమెకు డాక్టర్లు నీళ్ళకు కూడా కొలత పెట్టారు. ఎండకు నాలుక పిడచగట్టుకుపోతుంటే ఐసుముక్క చప్పరిస్తూ వీధి వీధంతా తిట్టింది. చందా ఇస్తామని అందరూ ఒప్పుకున్నారు. వ్యాపారస్తులు కదా, మెలిక కూడా పెట్టారు. పొద్దు గుంకేలోపల నేను ఎక్కడైనా నిలబడిపోతే నయాపైసా ఇవ్వరట.

“నిలబడితే నేనే వాని కాళ్ళిరగ్గొడతా,” అని నా తరఫున మాట ఇచ్చేసింది పిన్నమ్మ.

ఆ శనివారం ఆమెకు డయాలసిస్ కూడా ఉంది. నేను మైదానంలో, ఆమె ఆసుపత్రిలో. మండీ యజమానీ, లాడ్జి ఓనరూ నీడన కుర్చీలు వేయించుకుని, ఉడకేసిన శనక్కాయలు తింటూ నాకు కాపలా కాశారు. పొద్దున ఉషారుగానే సాగింది. పొద్దు వాలేసరికి పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. పరుగు కాస్తా నడకైంది. ఆ నడక కూడా ఆగిపోయే వేళకు కంచె పక్కన వ్యాను వచ్చి ఆగింది. ఇంటికి పోతూ పిన్నమ్మ ఇటు తిప్పించినట్టుంది. కిటికీలోంచి మొహం కనిపించింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు తిట్లు పడితే కాళ్ళు వాటంతటవే కదులుతాయని కంచె దగ్గరికి ఈడ్చుకుంటూ పోయాను.

ఆమె తిట్టలేదు. మొహం పాలిపోయి ఉంది.

“సాలు నాయనా,” అంది, వినీ వినబడకుండా. “ఎంత అలిసిపోయినావు బిడ్డా. వొచ్చి కూసో. నాకెందుకు ఇంగ ఈ వ్యాను.”

నలభై ఏళ్ళలో ఆమె నన్ను నాయనా అని పిలవలేదు. చిన్నప్పటి నుంచి ఆమె నోట ఒక్క మంచిమాట వినాలని ఎంత ఆశపడ్డానో. తీరా వింటే ఈమె పోవడానికి సిద్ధమైపోయిందని అర్థమైంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, అడుగు ఆపకుండా కుంటుకుంటూ ముందుకు సాగాను.

వెనక కుర్చీలు జరిగిన చప్పుడైంది. మండీ యజమాని పంచె ఎగ్గట్టి నా పక్కకు వచ్చేశాడు. “ఒరే గానుగెద్దా! ఆయమ్మకు నోరు రాకుంటే మాకు లేదనుకుంటివా? నడువురా!” లాడ్జి ఓనరు ఇంకోపక్క చేరి, తనకు పడిన తిట్లన్నీ వరసగా నాకు ఒప్పజెప్పాడు. ఇద్దరూ రొప్పుతూ, తిడుతూ, పొద్దు గుంకేదాకా నా పక్కనే నడిచారు. మైదానంలో ఆడుకునే పిల్లలు ఇదంతా ఫోన్లలో వీడియో తీశారు.

తర్వాత రెండు రోజులు పిన్నమ్మకు ఫోన్ చేయడానికి నాకు ధైర్యం చాలలేదు. మూడోరోజు పొద్దున్నే ఆమే చేసింది.

“ఏమిరా ఎనుబోతా! ఆ వీడియో ఊరంతా సూసినారు గదరా. అంత పొట్టి నిక్కరేసుకోని, ముక్కు కార్చుకుంటా ఏడ్సేదేంది? మీ నాయన యేనాడన్నా అట్ల ఏడ్సినాడా? మీ వంశంలో...”

షిఫ్టు బస్సు వెళ్ళిపోతున్నా నేను ఫోను పెట్టలేదు. తిట్టు పిన్నమ్మా, ఇంకా తిట్టు అన్నాను. ఆమె మా తాతదాకా వెళ్ళి, హఠాత్తుగా ఆగింది.

“ఉండు, వాడు ఈదిలో హారన్ కొడతా ఉండాడు. వ్యానెక్కి తిడతా.”