మా అంగన్‌వాడీలో కన్నడ మాట

గద్వాలలో చీరలు నేసేవాళ్ల వీధిలో నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్ అంటే ఒక పాత ఇంటి ముందుగది, దాని ముందు కాస్త అరుగు. అటూ ఇటూ ఇళ్లలో పొద్దున్నుంచి మగ్గాలు ఆడుతూనే ఉంటాయి. మా పిల్లలు ఆ చప్పుడులోనే పాటలు పాడతారు, ఆ చప్పుడులోనే మధ్యాహ్నం నిద్రపోతారు. అమావాస్య నాడు మగ్గాలు ఆగితే వాళ్లకు నిద్ర పట్టదు. ఊరికే లేచి కూర్చుని చూరు వైపు చూస్తుంటారు.

ఈ మధ్య కొన్నేళ్లుగా మా వీధి మొదట్లోకి పొద్దున పూట ప్రైవేటు బడి పసుపురంగు వ్యాను వస్తోంది. మూడేళ్లు నిండితే చాలు, మెడలో టై కట్టి పిల్లను అందులో ఎక్కిస్తున్నారు. పిల్లలు ఒక్కొక్కరే తగ్గిపోతుంటే మా సెంటర్ ఆయమ్మ గుడ్లు ఉడకబెడుతూ, "ఇంక మనమిద్దరమే కూసొని తినాలె టీచర్" అని నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

అలా వెళ్లిపోయినవాళ్లలో ఒక పిల్ల గురించి ఇది.

ఆ పిల్ల తండ్రిది మా వీధే, తల్లిది రాయచూరు వైపు. పెళ్లయి వచ్చేనాటికి ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. ఇంట్లో భర్త, అత్త, మగ్గం. ఆమె పని ఒక మూలన రాట్నం ముందు కూర్చుని మగ్గానికి పట్టుదారం కండెలు చుట్టడం. మాట్లాడితే నవ్వుతారని మాట తగ్గించుకుంది. కూతురు పుట్టాక ఆ ఇంట్లో ఆమెకు మాట్లాడే మనిషి దొరికింది. చంటిపిల్లతో కన్నడంలో గంటలు గంటలు ముచ్చట్లు పెట్టేది. వీధిలోంచి పోతుంటే రాట్నం చప్పుడు, ఆమె గొంతు కలిసి వినిపించేవి.

నడక వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల మా సెంటర్‌కు వచ్చేది. ఎంత మాటకారో! తల్లి భాష, నాయనమ్మ భాష కలిపి కొట్టేది. "టీచర్, నోడు నోడు, గుబ్బి వచ్చె!" అని చెయ్యి పట్టి లాగితే, చూడు చూడు, పిచ్చుక వచ్చింది అని. అన్నం వద్దంటే "బేడ" అనేది. మిగతా పిల్లలు కూడా ఆ పిల్లను చూసి పప్పు వద్దనడానికి "బేడ, బేడ" అనడం నేర్చుకున్నారు.

మూడున్నరేళ్లు వచ్చాయో లేదో, ఒకరోజు తండ్రి అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నెమ్మదైన మనిషి. నేరుగా నా మొహం చూడకుండానే చెప్పాడు.

"టీచర్, బిడ్డను వ్యాను బడిల ఏస్తున్న. నీ మీద కోపమేం లేదు."

"ఇంత చిన్నపిల్లకు ఆడ ఏం చెప్తరన్నా?"

"ఇంగ్లీషుల చెప్తరంట. నేను ఏడో తరగతిల బడి ఇడిసి మగ్గం గుంతల దిగిన. నా బిడ్డ దిగొద్దు."

"దిగొద్దు, నేను గూడ అదే అంట. కాని ఇంకా ఆడుకునే ఈడు కదన్నా దానిది."

"ఆటలే కదా నువ్వు గూడ చెప్పేటిది? ఆటలు ఇంట్ల ఆడదా?" అన్నాడు. అని, తనే ఆగి, కాస్త నవ్వాడు. "ఇంట్ల ఆడితే పట్టుపోగులు తెంపుతది, అది వేరే సంగతి."

నాకు శిక్షణలో చెప్పిన జవాబులు చాలానే గుర్తొచ్చాయి. ఆటే ఈ వయసుకు చదువని, మట్టి పిసికిన వేళ్లే రేపు పలక పడతాయని. కానీ గుంతలో కాళ్లు పెట్టుకుని పగలంతా కూర్చునే మనిషి తన బిడ్డను దాని బయట చూడాలనుకుంటున్నాడు. సరే అన్నాను. పిల్ల మరునాడు టై కట్టుకుని వ్యాను ఎక్కుతూ నాకు చెయ్యి ఊపింది.

దసరా పోయాక ఒక మధ్యాహ్నం పిల్ల నాయనమ్మ వచ్చింది. మా వీధిలో ఆమె మాటంటే అందరికీ కాస్త జంకే. అలాంటిది ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గడపలో కూలబడింది.

"టీచరమ్మా, పిల్ల మాట్లాడ్తలేదు."

"బడిలోనా అవ్వా?"

"బడిల లేదు, ఇంట్ల లేదు. నవ్వుతది, తింటది, చెయ్యి చూపిస్తది. నోరు ఇప్పదు. బీచుపల్లికి పోయి ఆంజనేయస్వామికి మొక్కొచ్చినం. వనపర్తిల పిల్లల డాక్టరుకు చూపించినం. చెవులు మంచిగున్నయంట, నాలుక మంచిగున్నదంట. పిల్లతోని మస్తు మాట్లాడున్రి, తోటి పిల్లలల్ల ఉంచున్రి అన్నడు. ఏం మాట్లాడాలె? నాకైతే తెల్వదు."

కొంచెం కొంచెంగా అడిగితే సంగతి బయటికి వచ్చింది. బడివాళ్లు ఒకరోజు పిలిచి, ఇంట్లో ఇన్ని భాషలు కలిపితే పిల్ల పరేషానవుతుంది, ఇంగ్లీషు రాకపోతే తెలుగన్నా మాట్లాడండి, ఆ కన్నడం మాత్రం ఆపండి అన్నారట. నాయనమ్మ ఆ మాట పట్టుకుంది. కోడలు మాట ఆపేసింది.

"మరి కోడలు పిల్లతోని తెలుగుల మాట్లాడ్తదా?"

"దానికి యాడొస్తది తెలుగు? తిను, పండు, లెవ్వు. గంతే."

రాట్నం దగ్గర వినిపించే ఆ గొంతు ఈ మధ్య వినిపించడం లేదన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

ఆ బడిలో చెప్పే అమ్మాయి నాకు తెలుసు. ఇంటర్ అవగానే చేరింది. చెడ్డది కాదు. గది నిండా పిల్లలు. సాయంత్రానికి ప్రతి పిల్ల పుస్తకంలో ఏబీసీడీలు కనపడకపోతే తల్లిదండ్రులు ఆమెనే నిలదీస్తారు. మూడేళ్ల వేళ్లకు పెన్సిల్ ఎందుకని ఆమెకూ అనిపిస్తుందట. ఎవరితో అనాలి?

నాయనమ్మ కొడుకును ఒప్పించి పిల్లను "జర కొన్ని రోజులు" అని మళ్లీ నా దగ్గర కూర్చోబెట్టింది. పిల్ల వచ్చి తన పాత చోటే వెతుక్కుంది, కిటికీ కింద. నేను పేరు పెట్టి పిలిచి మాట్లాడమని అడగలేదు. చింతగింజలు ముందు పోశాను. మట్టి తడిపి ఇచ్చాను. వరసలు పేర్చింది, ముద్దలు చేసింది. పిచ్చుక వస్తే చూసింది. చెయ్యి పట్టి లాగలేదు. ఆయమ్మ ఉండబట్టలేక, "టీచర్ అను, ఒక్కసారి టీచర్ అను బిడ్డా" అని బతిమాలింది. పిల్ల ఆమె మొహం చూసి, లేచి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చుంది. ఇంకెవరూ అలా అడగొద్దని ఆయమ్మకు చెప్పాను.

ఆ రోజుల్లోనే మాకు నాగర్‌కర్నూల్‌లో శిక్షణ పెట్టారు. అక్కడికి వచ్చిన టీచర్లందరిదీ ఒకటే బెంగ. సర్కారు బడుల్లోనే చిన్నపిల్లల తరగతులు తెరుస్తారట, నాలుగేళ్లు దాటిన పిల్లలు అటు పోతే మన దగ్గర ఎవరుంటారు? అసలు మొదటి నుంచీ ఇంగ్లీషే పెడితే వ్యానులు ఆగుతాయి కదా అని కొందరు. తల్లిభాషలో మొదలుపెడితేనే పిల్లకు చదువు అంటుతుందని శిక్షణ ఇవ్వడానికి వచ్చిన మేడమ్. వాదన గట్టిగానే నడిచింది. ఖిల్లా ఘణపూర్ వైపు నుంచి వచ్చిన ఒక టీచర్ లేచి, "మా తండా పిల్లలకు తెలుగే కొత్త మేడమ్. నేను చెప్పేటిది వాళ్ల తల్లిభాష కాదు కదా?" అంది.

నేను మా పిల్ల సంగతి చెప్పాను. మేడమ్ నన్ను చాలా ప్రశ్నలు అడిగింది. చివరికి, "ఆ తల్లిని మీ సెంటర్‌కే పిలవండి. పిల్లను మార్చడానికి కాదు, ఆమె భాష పదిమందిలో వినపడడానికి" అంది. బస్సులో వస్తుంటే అది చాలా తేలికైన పనిలా తోచింది.

వాళ్లింటికి వెళ్తే తేలిక కాదని తెలిసింది. ఆ తల్లి రాట్నం ఆపకుండానే తల అడ్డంగా ఊపింది.

"నాకు మీ మాట సరిగ్గ రాదు టీచర్. నగుతారు."

"మా మాట వద్దు చెల్లె. మీ మాటల్నే ఏదన్న కథ చెప్పు. పిల్లలకు ఏ మాటైనా ఒకటే."

"కన్నడం చెప్పొద్దు అన్నారు కదా?" అని అత్త వైపు చూసింది.

మగ్గం ఆగింది. పిల్ల తండ్రి గుంతలోంచి తన తల్లి వైపే చూస్తున్నాడు. గోడకు ఆనుకుని కూర్చున్న ముసలామె విసురుగా లేచి, "కండెలు ఎవరు చుట్టాలె ఇది పోతే?" అంది. అంటూనే వెళ్లి కోడలిని పక్కకు జరిపి రాట్నం ముందు కూర్చుంది. "పో. నేను చుడ్త. నాకు కండ్లు కానొస్తలేవని ఊరికే కూసోబెట్టిన్రు గాని చేతులు యాడికి పోయినయ్?"

మొదటి రోజు ఆ తల్లి మా గదిలో తలుపు పక్కనే కూర్చుంది, ఎప్పుడైనా లేచి పోవడానికి వీలుగా. చేతి గాజులు సవరించుకుంటూనే పొద్దు గడిపింది. పిల్లలు ఆమె గాజులు చూస్తూ కూర్చున్నారు. మర్నాడు మాత్రం ఒక పిచ్చుక కథ మొదలుపెట్టింది. పిచ్చుక మగ్గం మీద గూడు కట్టాలనుకుంటుంది, పిల్లి దాన్ని పట్టుకోవాలని పొంచి ఉంటుంది. కథ కన్నడంలోనే. అర్థం కాదేమోనని నేను తెలుగులో చెప్పబోతుంటే పిల్లలు నన్ను ఊరుకోమన్నారు. ఆమె రెండు చేతులూ రెక్కలు చేసి "గుబ్బి" అంటే వాళ్లూ చేతులు ఊపి "గుబ్బి" అన్నారు. వేళ్లు గోళ్లలా చేసి "బెక్కు" అంటే వాళ్లు "బెక్కు" అని ఒకరి మీద ఒకరు పడ్డారు. కూతురు మాత్రం తల్లి వీపుకు ఆనుకుని, ఆమె జడ వేళ్లకు చుట్టుకుంటూ వింటోంది.

ఆ కథ రోజూ కావాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి పిల్లలకు సగం కథ నోటికి వచ్చేసింది. అందుకని ఆమె ఒకరోజు కథను కొంచెం పెంచింది. పిల్లి గూటిమీదికి దూకబోతుంటే ఇంకొకటి పరుగెత్తుకుంటూ వస్తుంది. ఆమె చేతులు నేల మీద పెట్టి "బౌ బౌ" అని మొరిగి, "ఇదు యారు?" అని అడిగింది. ఇదెవరు అని.

ముందు కూర్చున్న పిల్లవాడు కొత్తగా వచ్చిన మాట గర్వంగా అరిచాడు. "బెక్కు!"

"అల్ల!" అని వినిపించింది తల్లి వీపు వెనకనుంచి. "నాయి! అదు నాయి!"

కాదు, అది కుక్క అని. కోపంగా, గట్టిగా. అంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు.

ఆయమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నేను ఆమెకు సైగ చేశాను, ఏమీ అనొద్దని. తల్లి వెనక్కి తిరిగి చూడలేదు. పెదవి పళ్ల కింద నొక్కిపెట్టి, కళ్లు రెండుసార్లు ఆర్పి, కథ కొనసాగించింది. "హౌదు, నాయి" అంది. అవును, కుక్కే. పిల్లలంతా అప్పటికే మొరుగుతున్నారు.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో చెప్పిందో లేదో నాకు తెలియదు. మర్నాడు తండ్రి వచ్చి అరుగు కింద చెప్పులు విడిచి, లోపలికి రాకుండా కిటికీ పక్కన నిలబడ్డాడు. కూతురు లోపల ఎవరికో మట్టి ముద్ద ఇస్తూ సగం కన్నడం సగం తెలుగులో లెక్చర్ ఇస్తోంది. ఆయన చాలాసేపు విన్నాడు.

"ఈ ఏడు ఈడనే ఉండనీ టీచర్" అన్నాడు. తర్వాత, "ఇంగ్లీషు మరి?" అని అడిగాడు.

"వస్తదన్నా. ఇన్ని మాటలు మోస్తున్న పిల్లకు ఇంకోటి బరువా?"

నా జవాబు ఆయనకు పూర్తిగా నమ్మకం కలిగించిందని అనుకోను. కూతురికి మాట వచ్చింది కాబట్టి ఒప్పుకున్నాడు. మరుసటి జూన్‌లో మా దగ్గరి సర్కారు బడిలో చిన్నపిల్లల తరగతి తెరిచారు, ఇంగ్లీషు కూడా చెప్తామన్నారు. పిల్లను అందులో చేర్చాడు. ఆ పిల్లతోపాటు నా దగ్గరి పెద్దపిల్లలు మరికొందరు పోయారు. నాకు బాధగానే ఉంది. అటు బడి, ఇటు మేము, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న వాదన పైవాళ్ల మధ్య ఇంకా తేలలేదు. ఒక్కోసారి సెంటర్ తాళం తీస్తూ, ఇది ఇంకెన్నాళ్లో అనుకుంటాను.

బడి తెరిచాక తల్లిదండ్రుల మీటింగు పెట్టి నన్నూ పిలిచారు. హెడ్మాస్టరు అక్షరాల గురించి, ఇంగ్లీషు గురించి చెప్పి, ఎవరికైనా అనుమానాలుంటే అడగమన్నారు. మగవాళ్లు యూనిఫాం గురించి అడిగారు. ఆడవాళ్ల వరసలోంచి ఆ తల్లి లేచింది. పక్కన అత్త కూర్చుని ఉంది.

"సార్, ఇక్కడ పిల్లలకు కథె ఎవరు చెప్తారు?"

ఒకరిద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఆమె కూర్చోలేదు. హెడ్మాస్టరు కాస్త ఆలోచించి, "దానికని మనిషైతే లేదమ్మా. నువ్వొస్తవా?" అన్నారు.

ఆమె అత్త వైపు చూసింది. ముసలామె కొంగు సర్దుకుంటూ, అందరికీ వినపడేలా, "శనివారం పోనియ్యున్రి సారూ. ఆ దినం కండెలు నేను చూసుకుంట" అంది.

మీటింగు అయిపోయాక గేటు దగ్గర నేను ఆమెను ఆపి, శనివారం బడికి ఇచ్చినా మంగళవారం మాత్రం నాదేనని చెప్పాను. మూడేళ్లవాళ్లు కొత్తగా చేరారు, వాళ్లకు ఇంకా ఒక్క కథా రాదు. "హౌదు టీచర్, వస్త" అంది. కూతురు అప్పటికే ముందుకు పరుగెత్తి, బడి కుళాయి కింద చేతులు కడుగుతూ, నీళ్ల గురించి ఇంకో పిల్లకు ఏదో గట్టిగా చెబుతోంది.