లిఫ్టుల ఇరుక్కున్న డాక్టరమ్మ

శనివారం పొద్దుగాల సరిగ్గ పదిన్నరకు నేను మా పన్నెండో అంతస్తుల లిఫ్టు ముంగట నిలబడ్డ. చేతిల ఫోను, ఫోన్ల డాక్టరమ్మ, పక్కన కోడలు.

ఎండకాలంల ఒకనాడు లిఫ్టు నడుమల ఆగిపోయింది. లోపట నేనొక్కదాన్నే. తలుపు తెరిచేదాక ఒర్లిన. అప్పటిసంది ఆ తలుపు చూస్తే చాలు, గుండె దడదడ, చేతులల్ల చెమట. మెట్లు దిగుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు. "నీకేం తక్కువమ్మా, అన్నీ పైకే తెప్పిస్త" అన్నడు కొడుకు. అన్నీ వచ్చినయి, మనుషులే రాలె.

నా మనుషులు కింద సెల్లార్ల ఉంటరు. ఈ బిల్డింగు ఊడ్చే ఆడోళ్లు పని నడుమ జర తీరిక దొరికితే ఆడ కూసోని అక్షరాలు దిద్దుతరు. అరవై దాటినంక నేను గూడ వాళ్ల పక్కన కూసోనే నేర్చుకున్న. లిఫ్టు బందు వెట్టినంక బాల్కనీలకెళ్లి చూస్తే ఖాజాగూడ గుట్టలు పెద్దగ, కింద వాకిలి ఊడ్చే వాళ్లు చీమలంత. ఇగ జన్మల వాళ్లతోని కూసోనేమో అని ఏడుపొచ్చేది.

ఫోన్ల చూసే మనసు డాక్టరును కోడలే కుదిర్చింది. "నాకేమన్న పిచ్చా?" అని లడాయికి దిగిన.

"మోకాళ్లకు డాక్టరు దగ్గరికి పోయినప్పుడు మోకాళ్లకు పిచ్చా అని అడిగినవా అత్తమ్మా?" అన్నది. ఫోను అందుకున్న.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఆంధ్ర దిక్కు మాట. "ఇవాళ మీ భయానికి పదికి ఎన్ని మార్కులు వేస్తారండి?" అని వారం వారం అడిగేది. మార్కులంటే ఎక్కువొస్తేనే మంచిదని సెల్లార్ల నేర్చుకున్నదాన్ని. మంచిగున్న దినం "తొమ్మిది" అంటుంటి. పాపం, ఆమె మొఖం వాడిపోయేది. "అయితే లిఫ్టు దగ్గరికి ఇప్పుడే వద్దండి" అనేది. ఒకనాడు కోడలు విని నెత్తి కొట్టుకున్నది.

"గవి భయానికేసే మార్కులు అత్తమ్మా! తక్కువొస్తేనే పాసు."

"గిదేం పరీక్షనే పిల్లా!" అన్న.

అప్పటిసంది బండి కదిలింది. ముందుగాల తలుపు దాక పోయి వచ్చుడు. తర్వాత ఒక కాలు లోపట పెట్టి తీసుడు. ఇగ ఆ శనివారం కిందిదాక పోవుడు.

లోపటికి పోయినం. తలుపు మూసుకున్నది. "ఊపిరి నెమ్మదిగా..." అంటుండంగనే సిగ్నల్ పోయింది. డాక్టరమ్మ నోరు తెరుసుకోని, ఒక కన్ను సగం మూసుకోని, గట్లనే బిగుసుకపోయింది. ఒర్లుదామని నోరు తెరిచిన, ఆ మొఖం చూసేసరికి నవ్వొచ్చింది. కోడలు గూడ గోడకానుకోని నవ్వవట్టింది.

ఎనిమిదో అంతస్తుల తలుపు తెరుసుకున్నది. ఖాళీ నీళ్ల క్యాన్లు పట్టుకోని ఒకాయన ఎక్కిండు.

"ఏమైందమ్మా?"

"మా డాక్టరమ్మ లిఫ్టుల ఇరుక్కున్నది" అని ఫోను చూపించిన. ఆయన గూడ నవ్విండు. గట్ల నవ్వుకుంటనే సెల్లార్ల దిగినం. బయటికొచ్చి నాలుగడుగులు వేసినమో లేదో ఫోను మోగింది.

"అమ్మా! బాగానే ఉన్నారా? కాల్ కట్ అయ్యేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదండి!"

"నేను కిందనే ఉన్న. నువ్వు జర నెమ్మదిగ ఊపిరి తీసుకో బిడ్డా. నాది మూడు. నీదెంత, పదికి?"

"ఎనిమిదండి" అని ఆమె గూడ నవ్వింది.

సెల్లార్ల ఆడోళ్లు చీపుర్లు గోడకేసి ఉరికొచ్చిన్రు. "ఏంది పెద్దమ్మా, ఇప్పుడా వచ్చేది? మేము ఒత్తులు దాటినం. నువ్వు వెనక కూసో!" అన్నది ఒకామె. వెనకనే కూసున్న. గంత సంబురంగ ఎన్నడు వెనక కూసోలే.

ఆ దినం ఉన్నోళ్లు వీళ్లు: నేను, నా కోడలు, నీళ్ల క్యాన్లాయన, చీపుర్లు గోడకేసి వచ్చిన ముగ్గురు ఆడోళ్లు. డాక్టరమ్మ గూడ ఉన్నది, పైన కొంచెం, కింద కొంచెం.