సేఫ్టీకి ఇంకోటి

నన్ను డబ్బింగ్ స్టూడియోలో అందరూ బామ్మ అంటారు. నేనేం అంత ముసలిదాన్ని కాను. పెళ్ళయిన కొత్తలో ఒక సినిమాకి ముసలావిడ గొంతు చెప్పాల్సిన మనిషి జలుబు చేసి రాకపోతే, పక్కనున్న నన్ను మైకు ముందుకి తోశారు. అంతే. ఆ రోజు నుంచి దగ్గడం, మూలగడం, మనవళ్ళని తిట్టిపోయడం నా ఉద్యోగం. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ బామ్మనే. ఇప్పుడు జుట్టు కూడా ఆ పిలుపుకి తగ్గట్టే తయారైంది, ఇక ఎవరితో పోట్లాడను?

సరే, ఇది నా గోల కాదు, మేమంతా కేక అని పిలిచే పిల్ల సంగతి. దయ్యాల సినిమాల్లో హీరోయిన్ మెట్ల మీద వెనక్కి తిరిగి చూసి గుండెలదిరేలా అరుస్తుంది చూడండి, ఆ నోరు ఆ అమ్మాయిదే గాని అరుపు మా కేకది. మాటలు ఎవరు చెప్పినా అరుపుల దగ్గరికి వచ్చేసరికి ఈ పిల్లనే పిలిచేవారు. అరుపులు ఎప్పుడూ పని చివర్లో పెట్టుకుంటాం. ముందే అరిస్తే గొంతు బొంగురుపోయి మాటలకి పనికిరాదు. అందుకని తను ఏడుపులూ, వెక్కిళ్ళూ, ఊపిర్లూ అన్నీ అయ్యాక ఆఖర్న లేచి, చెప్పులు విడిచేసి నిలబడి అరిచేది. చెప్పులుంటే అరుపు రాదట. అరిచేశాక "ఎలా ఉంది బామ్మా?" అని పిల్లికూనలా అడిగేది. అప్పటికి నా గుండె ఇంకా చోటుకి వచ్చి ఉండేది కాదు.

మా సౌండు ఇంజనీరు అద్దానికి అవతల కూర్చుంటాడు. మనిషి మంచివాడే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నా నోటిదురుసుకి మర్చిపోతానేమో. కేక పనిలో చేరిన కొత్తలో ఒకరోజు, అవతల నుంచి మాతో మాట్లాడే మైకు నొక్కి, "మీరు అరిచే ముందు ఒక ఊపిరి తీస్తారు చూడండి, ఏడవబోయే చంటిపిల్లలు తీస్తారే, అచ్చం అలాంటిది. దాన్ని నేను ఎప్పుడూ కట్ చెయ్యను" అన్నాడు.

ఆ పిల్ల ముఖం చూడాలి అప్పుడు! తను గంపెడు సంసారంలో పుట్టింది. ఆ ఇంట్లో ఉప్పు అందుకోమనాలన్నా అరవాల్సిందే, అరుపు అక్కడే నేర్చుకుందట. ఎంత అరిచినా "ఏంటే నీ గోల" అనడమే గాని, ఏమన్నావని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అలాంటిది ఒకడు అరుపు కూడా కాదు, అరుపుకి ముందు ఊపిరి విన్నాడు. ఇక ఆగుతుందా? ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకున్నారు.

పెళ్ళయ్యాక అతను తనని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు. పొద్దున్నే ఒక చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కు, ఇంకో చేతిలో మఫ్లరు, మండుటెండల్లో కూడా. "టీ తాగుతావా కేకా?" అని నేనడిగితే, "తనకి వద్దు, గొంతు పట్టేస్తుంది" అని అతనే చెప్పేవాడు. "సెలవు రోజు మా ఇంటికి రండి" అంటే, "తనకి కుదరదు, మర్నాడు అరుపులున్నాయి." తను నోరు తెరిచేలోపే జవాబు అతని నోట్లోంచి వచ్చేసేది. తన ఫోన్ అతని జేబులో ఉండేది. ఇంట్లో మాటలుండవు, గొంతుకి విశ్రాంతి కావాలి కదా. ఏం కావాలన్నా చేత్తో చూపించాలి. నీళ్ళకి ఇలా, దుప్పటికి అలా, ఒక్కోదానికి ఒక్కో సైగ పెట్టుకున్నారు. పోట్లాటకి మాత్రం ఏ సైగా పెట్టుకోలేదు.

స్టూడియో ఆడవాళ్ళందరూ కుళ్ళుకునేవారు. "ఎంత ప్రేమో చూడవే! మా ఆయనకి నేను ఇంట్లో ఉన్నానో లేదో కూడా పట్టదు" అని చెవులు కొరుక్కునేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. మా ఆయన నేను చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు, నిజమే. కానీ నేను మాట్లాడుతుంటే అడ్డం రాడు.

ఒకరోజు ఇంజనీరు వైరు సరిచెయ్యడానికి కిందికి వెళ్ళినప్పుడు కేక నా పక్కన చేరింది. "అక్కా" అంది గుసగుసగా. మేమిద్దరమే ఉంటే నన్ను అక్కా అనేది.

"అక్కా, నాకు ఒక్కసారి గొడవపడాలని ఉంది."

"ఎవరితోనే?"

"ఎవరితోనైనా. కూరగాయల బండివాడితోనైనా సరే. బాల్కనీలో నిలబడి, ఇవేం టమాటాలయ్యా, అన్నీ మచ్చలే అని వీధంతా వినపడేలా అరవాలని ఉంది."

"అరిచెయ్యి. ఎవడొద్దన్నాడు?"

"ఆయన బాధపడతాడు. అంత ప్రేమక్కా ఆయనకి. నేను నిద్రలో దగ్గినా లేచి కూర్చుంటాడు."

"దగ్గితే లేస్తాడు, సరే. మాట్లాడితే?"

దానికి తను చేత్తో ఏదో చూపించింది. నాకు ఆ సైగలు రావు.

వాళ్ళ పెద్దక్క వేరే ఊళ్ళో పిల్లలకి ఈత నేర్పే కొలను నడుపుతోంది. చేతిసాయానికి మనిషి లేక, "కొన్నాళ్ళు వచ్చి ఉండవే" అని ఎన్నిసార్లో ఫోన్ చేసింది. ఫోన్ ఎవరి జేబులో ఉండేదో చెప్పాను కదా. కబురు ఎలాగో తన చెవిన పడి, వెళ్తానని అడిగితే, "తడి, జలుబు, మందు కలిపిన నీళ్ళు, పిల్లల గోల. నీ గొంతు ఏమవుతుందో ఆలోచించావా?" అన్నాడట. తర్వాత తన చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే నేను ఏం వినను?" అని ఏడ్చాడట. ఇది కూడా తను నాకు ప్రేమ కిందే చెప్పింది. చెప్తూ చెప్తూ కిటికీలోంచి రోడ్డు మీద బస్సుల్ని చూసింది.

ఇంతలో ఆ సినిమా వచ్చింది. చచ్చిపోయిన ప్రియుడు హీరోయిన్ ఒంట్లోకి దూరతాడు. ఇక ఆమె చెయ్యి లేస్తే అది అతను ఎత్తడం, ఆమె నోరు తెరిస్తే అతని గొంతు రావడం. చచ్చినా వదల్లేనంత ప్రేమట! రాసినవాడు నా చేతికి దొరకాలి గాని! నీకిది ఇష్టమేనా అని ఆ పిల్లని ఒక్కడైనా అడిగాడా ఆ కథలో? మగగొంతు చెప్పేవాడు మాటలన్నీ చెప్పేస్తే, ఆ షాట్లలో కేక ఊరికే ఊపిరి తీస్తూ ఉండాలి. "నా నోట్లోంచి వేరేవాళ్ళు మాట్లాడుతుంటే ఊపిరి తీయడమే నా పని. నాకు అలవాటేలే బామ్మా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

చివరి రీలు. హీరోయిన్ అద్దం ముందు పెదవులు బిగించుకుని కూర్చుని ఉంది. అక్కడ అరుపు లేదు, మాట లేదు, ఊపిరొక్కటే. నేను నా మూలుగు కోసం పక్క మైకు దగ్గర ఉన్నాను. రికార్డింగు మొదలైనట్టు ఎర్రలైటు వెలిగింది. తెర మీద బొమ్మ నడిచింది. కేక ఊపిరి తీసింది. తర్వాత మెల్లగా, "నన్ను వదిలెయ్. నీకు దండం పెడతాను. నాకు మాట్లాడాలని ఉంది" అంది.

తెర మీద పెదవులు కదల్లేదు. కేక ఏనాడూ పెదవి తప్పగా నేను చూడలేదు. నిద్రలో లేపి చెప్పమన్నా బొమ్మ పెదవికి మాట అతికినట్టు చెప్పే మనిషి. అలాంటిది మూసిన నోటి మీద మాట వేసిందంటే, అది ఆ బొమ్మ మాట కాదు.

స్టూడియో అద్దం అవతల డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు. "అబ్బబ్బ! ఏం చెప్పావమ్మా! రాయని మాటైతేనేం, నోరు మూసుకుని ఉంటేనేం, హీరోయిన్ మనసులో మాట అనుకుంటారు జనం. ఉంచేద్దాం!"

ఇంజనీరు కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే తుడుచుకున్నాడు. హమ్మయ్య, వీడికి ఇప్పటికైనా అర్థమైంది అని ఆశపడ్డాను. అతను మైకు నొక్కి, "చాలా బాగుంది. సేఫ్టీకి ఇంకోటి" అన్నాడు.

మా దగ్గర అది రోజూ వినే మాటే. బాగా వచ్చినదాన్నే, తర్వాత ఏ ఇబ్బంది వస్తుందోనని మళ్ళీ చెప్పించి దాచుకుంటాం. కేక మళ్ళీ చెప్పింది. అవే మాటలు, ఈసారి అద్దంలోంచి అతని ముఖంలోకే చూస్తూ. అతను కళ్ళు మూసుకుని, తల ఊపుతూ వింటున్నాడు. "ఇది ఇంకా బాగుంది. ఉండు, అయ్యో, ఉండు, ఇంకొక్కటి" అన్నాడు.

ఎర్రలైటు వెలుగుతుండగా తలుపు తీయడం మా స్టూడియోలో మనిషిని చంపినంత పని. తీశాను. ఆ బరువు తలుపుని భుజంతో తోసి, కేక చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

"బామ్మా! మతిపోయిందా నీకు?" అని డైరెక్టరు అరిచాడు.

"పోయిందయ్యా! నీ సినిమాలకి మూలిగీ మూలిగీ పోయింది!" అన్నాను.

ఫ్లాస్కూ మఫ్లరూ పట్టుకుని ఇంజనీరు మెట్ల దాకా పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఏమైంది? ఒంట్లో బాగాలేదా? మాట్లాడకు, చేత్తో చెప్పు."

కేక చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. "నేను లోపల ఏమన్నానో చెప్పు" అంది.

అతని ముఖం వెలిగిపోయింది. "చివర్లో చిన్న వణుకు వచ్చింది చూడు! ఇన్నేళ్ళలో నీ గొంతులో నేనది వినలేదు. రెండోసారైతే ఆ ఊపిరి కూడా..."

"వణుకు కాదు. మాటలు. ఏం మాటలన్నాను?"

అతను నోరు తెరిచాడు. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే తంటాలు పడ్డాడు పాపం. ఆ చెవులకి ఊపిరి కూడా వినపడుతుంది, కానీ మాట అందలేదు. ఒకసారి వెనక్కి, తలుపు వైపు చూశాడు.

"ఒక్క నిమిషం. రికార్డింగు వేసి, విని చెప్తాను" అన్నాడు.

కేక అతని జేబులోంచి తన ఫోన్ తీసుకుంది. మఫ్లరు తీసుకోలేదు. అతను మెట్ల మీద అలాగే నిలబడిపోయాడు, ఆపలేదు. ఎందుకు వెళ్ళిపోతోందో తెలియని మనిషి ఎలా ఆపుతాడు?

ఆ సాయంత్రమే వాళ్ళక్క ఊరి బస్సు ఎక్కించాను. బస్సు కదిలాక కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అంది. ఇంజను మోతలో నాకు వినపడలేదు. "గట్టిగా చెప్పి చావవే!" అన్నాను. అప్పుడు అరిచింది, బస్టాండంతా తిరిగి చూసేలా. "టీలో పంచదార కలుపుకోవడం మర్చిపోతాడు! కాస్త చూస్తుండక్కా!" ఓరి నాయనో, ఇన్నాళ్ళకి నోరు తెరిచి అరిచిన అరుపు ఇదా అని నాకు ఏడుపొచ్చింది.

సినిమా బాగానే ఆడింది. మా ఆయన్ని లాక్కెళ్ళి చూశాను. అద్దం సీను వచ్చింది. మూసిన పెదవుల మీద మా కేక, "నన్ను వదిలెయ్. నీకు దండం పెడతాను." వెనక సీట్లో ఎవడో "ప్రేమంటే ఇదిరా" అన్నాడు. వెనక్కి తిరిగి, "ఏదిరా ప్రేమ? వదిలెయ్యమని దండం పెడుతోంది, నీకు చెవులు లేవా?" అన్నాను. మా ఆయన సీట్లోకి జారిపోయి ముఖం కప్పుకున్నాడు.

కేక మొదటిసారి ఫోన్ చేసినప్పుడు నేను పోల్చుకోలేదు. "ఎవరమ్మా?" అన్నాను. "నేనే అక్కా" అంటే కూడా నమ్మబుద్ధి కాలేదు. పొద్దస్తమానం కొలను గట్టు మీద నిలబడి పిల్లల మీద అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయింది, ఇక అలాగే ఉండిపోయింది. ఆ గొంతు సినిమాలకి పనికిరాదు. అక్కడి కూరగాయల బండివాడితో జరిగిన యుద్ధం మొత్తం పూసగుచ్చినట్టు చెప్పింది. అతను కూడా తగ్గలేదట. చెప్తున్నంతసేపూ నవ్వింది. ఆ తర్వాత, "ఆయన ఎలా ఉన్నాడక్కా?" అంది.

"నీకెందుకే ఇంకా?"

"నేను ఊపిరి తీస్తే వినేవాడు. ఇక్కడ పిల్లలు అరిచినా వినరు."

"అయితే వచ్చేస్తావా?"

"ఆ ఇంటికి రాను. నా ఊపిరి గురించి మొదటిసారి చెప్పాడే, ఆ రోజుకి రావాలని ఉంది. దానికి బస్సు లేదు కదా" అంది.

ఇంజనీరు పనికి వేళకి వస్తాడు. అందరూ వెళ్ళిపోయాక తన గదిలో కూర్చుని కేక పాత అరుపులు వేసుకుని వింటాడు. కేక బస్సులోంచి అరిచి చెప్పిన మాట కోసం నేను టీ తీసుకెళ్తాను. చూస్తే జాలేస్తుంది, జాలేసినందుకు నా మీద నాకే కోపమొస్తుంది.

మొన్న కూడా అలాగే వెళ్ళాను. ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో పంచదార సీసా. బల్ల మీద పెట్టిన నా ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక మోచేత్తో నొక్కితే స్పీకరు ఆన్ అయింది.

"అక్కా! ఏం చేస్తున్నావ్? తిన్నావా?"

ఇంజనీరు హెడ్‌ఫోను ఒక చెవి మీంచి జరిపాడు.

"ఎవరు బామ్మా, మీ చుట్టాలా?" అన్నాడు మర్యాదగా. "అయ్యో పాపం, గొంతు బాగా పాడైపోయింది. వేడినీళ్ళు తాగమనండి."

"మా చెల్లెలు" అన్నాను.

తల ఊపి హెడ్‌ఫోను మళ్ళీ సర్దుకున్నాడు. అతని ముందున్న తెర మీద ఆ అద్దం సీనే ఉంది, వెనక్కి తిప్పి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. ఫోన్లో అటువైపు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పోల్చుకోలేదు కదక్కా?" అంది కేక చివరికి.

"లేదే తల్లీ."

మళ్ళీ నీళ్ళ చప్పుడు. అంతలో తను ఊపిరి తీసింది. అదే ఊపిరి, ఏడవబోయే చంటిపిల్ల ఊపిరి, ఏమీ మారలేదు. వెంటనే, "పిల్లలూ! గట్టు మీద పరిగెత్తొద్దని చెప్పానా లేదా!" అని నా చెవులు చిల్లులు పడేలా అరిచింది. ఇంజనీరు రెండు చెవులకీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తెర మీది ఊపిరి వింటున్నాడు. నేను టీలో పంచదార కలిపి అతని ముందు పెట్టి, ఫోన్ తీసుకుని బయటికి వచ్చాను.