చచ్చిన కొర్రమేను కొన్న ఆదివారం

నలభై ఆరేళ్ళు వచ్చాక, ఏలూరులో ఒక ఆసుపత్రి గదిలో, చేతికి బీపీ పట్టీ కట్టించుకుని నేను చేప తిన్నాను. డాక్టరు గారే వండి తెచ్చుకోమన్నారు. ముందు గోరంత ముక్క. కాసేపు ఆగి వేలెడు ముక్క. మళ్ళీ ఆగి అంతకు రెట్టింపు. ప్రతి ముక్కకీ నర్సు వచ్చి నాలుక చాపమనేది, పెదవులు చూసేది, గొంతులో దురదగా ఉందా అని అడిగేది. నాలుగోసారి వచ్చినప్పుడు ఆవిడ నా పెదవుల కంటే టిఫిన్ బాక్సునే ఎక్కువ చూసిందని నా అనుమానం. ఆ చేపను మా ఆయన స్వయంగా వేయించారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో మా వంటింట్లో వేగిన మొదటి చేప అది. ఆయనది నల్లజర్ల. చేప తినాలనిపిస్తే వాళ్ళమ్మగారింటికి వెళ్ళి తినొచ్చేవారు, వచ్చాక సబ్బుతో రెండుసార్లు చెయ్యి కడుక్కునేవారు. ఆ ఉదయం ఆయన హుషారు చూస్తే పరీక్ష నాకా ఆయనకా అనిపించింది.

ఇంత తతంగానికి కారణం నా పదో ఏట జరిగింది. తాడేపల్లిగూడెంలో ఒక ఆదివారం, ఆరాధన నుంచి వచ్చాక అమ్మ కొర్రమేను పులుసు వండింది. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే నా పెదవులు ఉబ్బాయి, కళ్ళు మూసుకుపోయాయి, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడు వచ్చింది. నాన్న నన్ను భుజాన వేసుకుని పరిగెత్తడం గుర్తుంది. అమ్మ చెప్పుల్లేకుండా వెనకాల రావడం గుర్తుంది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాను. చేపే కాదు, నీళ్ళలోంచి వచ్చిందేదీ మళ్ళీ మా ఇంటి గడప తొక్కలేదు.

నాకు పడదని నేను మానేయడం సరే. అమ్మ కూడా మానేసింది. కొల్లేటి ఒడ్డున పుట్టి, పాలపళ్ళతోనే ముల్లు తీసుకోవడం నేర్చిన మనిషి. పెళ్ళిళ్ళలో, చర్చి విందుల్లో మా తల్లీకూతుళ్ళిద్దరం చారన్నం కలుపుకుంటుంటే, ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవాళ్ళు, "ఏవండీ, మీరు కోమట్లలో కలిసిపోయారేంటండీ" అని. అమ్మ నవ్వేసి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

అమ్మ ఎందుకు మానేసిందో నా పెళ్ళి ముందు రోజు చెప్పింది. కొర్రమేనును బతికుండగా కొనాలి. గంగాళం నీళ్ళలో గిలగిల కొట్టుకునేదాన్ని చూపించి, ఇది కావాలని అడిగి తీసుకోవాలి. చచ్చినదాన్ని మా వైపు ఎవరూ ముట్టరు. ఆ ఆదివారం ఆరాధన ఆలస్యమైంది. అమ్మ మార్కెట్టుకు వెళ్ళేసరికి గంగాళంలో ఒకే చేప మిగిలింది, అదీ వెల్లకిలా తేలుతోంది. "ఇప్పుడే పోయిందమ్మా, నీ ఎదురుగానే" అని చేపలామె ప్రమాణం చేసింది. కాదని తెలిసీ అమ్మ కొన్నది. ఇంట్లో పిల్ల కొర్రమేను కావాలని ఏడుస్తోందని కొన్నది. ఆ పిల్లను నేనే.

"తెలిసి తెలిసి నీకు చచ్చిన చేప పెట్టానే" అంది పెళ్ళి ముందు రోజు. పాసిపోయిన చేప వల్లే నాకు అలా అయిందని అమ్మ నమ్మకం. అక్కడితో నాకు చేపంటేనే పడకుండా పోయిందని కూడా నమ్మింది. నేను ఎంత చెప్పినా వినలేదు, నా దగ్గర రుజువేమీ లేదు మరి.

పోయినేడాది ఒక పెళ్ళిలో, వడ్డించే గరిటె దేనికి తగిలిందో గాని, నా పెదవి మళ్ళీ కాస్త వాచింది. మా ఆయన పట్టుబట్టి ఏలూరు తీసుకెళ్ళారు. ముంజేతి మీద ఒక్కో తిండి రసం చుక్కలుగా వరసగా పెట్టి సూదితో గీరారు. చేపల చుక్కలన్నీ మామూలుగానే ఉన్నాయి. రొయ్య పెట్టినచోట మాత్రం రూపాయి బిళ్ళంత దద్దురు లేచింది. "అమ్మా, మీకు పడనిది రొయ్య. పీత కూడా వద్దు. చేప తినొచ్చు" అన్నారు డాక్టరు గారు. చిన్నప్పుడు రొయ్యలు తిన్నానండి, ఏమీ కాలేదండి అన్నాను. ముందు ఎన్నిసార్లు తిన్నా ఏదో ఒక రోజు ఒళ్ళు ఎదురు తిరుగుతుందని చెప్పి, చేప సంగతి తన కళ్ళతో చూసి నిర్ధారిస్తానని టిఫిన్ బాక్సు తెమ్మన్నారు.

ఆసుపత్రి నుంచి ఎగిరి గంతేసినంత పనిచేసి, నేరుగా అమ్మ దగ్గరికి వెళ్ళాను. అమ్మకు చెబితే సంతోషిస్తుందనుకున్నాను. ఆమె మొహం పాలిపోయింది. "అయితే నీకు చేప పడుతుందన్నమాట" అంది. "ఆ పూట నేను రొయ్యలు వండలేదు. చేపే వండాను. మరి చేప పడేదైతే, ఆ చేపలోనే విషం ఉందన్నమాట."

నా శుభవార్త ఆమెకు శిక్ష ఖాయం చేసినట్టయింది. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియని కోపం. ముప్ఫై ఆరేళ్ళు ఒక చేపను మోసిన మనిషి చేతిలోంచి దాన్ని దించుదామని వెళ్ళి, ఇంకాస్త బరువు పెట్టి వచ్చాను. ఇక మాటలతో లాభం లేదనుకున్నాను. ఆమె ఎదురుగా అన్ని రకాల చేపలూ తిని, ఏమీ కాకుండా కూర్చుంటే, ఎప్పటికైనా భయం తగ్గుతుందేమో అనిపించింది. కొల్లేటి ఒడ్డున పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఉంది. రెండు రోజులు ఉండి వద్దామన్నాను. రానంది. నేనొక్కదాన్నే వెళ్తానన్నాను. అప్పుడు, ఒళ్ళు ఎదురు తిరిగితే వాడమని డాక్టరు గారిచ్చిన మాత్రలు, ఇంజెక్షను ఉన్న సంచీ తానే చంకన పెట్టుకుని బయలుదేరింది.

ఏలూరులో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాం. పెదపాడు దాటాక రోడ్డుకు రెండు వైపులా చేపల చెరువులే. గట్టు పక్కన ఒక పాక హోటలు కనిపిస్తే ఆటో ఆపించాను. లోపల ఒకావిడ కట్టెల పొయ్యి మీద చేదుపరిగెలు వేయిస్తోంది, వేలెడంత చేపలు, తలతో తోకతో సహా నమిలేసేవి.

"ఏవండీ, ఈ మూకుట్లో రొయ్యలు వేయించారా?"

"లేదండీ, ఇవాళ రొయ్యలు రాలేదండి."

"నిన్న?"

"నిన్న వేయించానండి. శుభ్రంగా తోమేశాను కదండీ."

నా సంగతి చెప్పాను. ఆవిడ ఏమీ అనుకోలేదు. "దానికేముందండీ" అని ఇంట్లోంచి వేరే మూకుడు తెచ్చి, కొత్త నూనె పోసి మళ్ళీ వేయించింది. నేను పదకొండు తిన్నాను. ఉప్పు, కారం, కాస్త పసుపు, అంతే. ముల్లు కరకరలాడుతుంటే ఇన్నాళ్ళూ నేను ఏం పోగొట్టుకున్నానో మొదటిసారి అర్థమైంది, కాస్త ఏడుపు కూడా వచ్చింది. అమ్మ ఎదురు బల్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని, జిప్పు తీసి ఉంచి, మజ్జిగ తాగింది.

ఆ సాయంత్రం పిన్ని బొమ్మిడాయల పులుసు పెట్టింది. బొమ్మిడాయికి నడిముల్లు తప్ప పెద్దగా ముళ్ళుండవు, కొత్తగా తినేవాళ్ళకు మంచిదని ఆమె లెక్క. పులుసు ఉడుకుతుంటే గరిటె పెట్టలేదు. మట్టి దాకను గుడ్డతో రెండు వైపులా పట్టుకుని మెల్లగా తిప్పింది. గరిటె పెడితే ముక్క విరిగి, తినేవాళ్ళకు ముళ్ళు మిగులుతాయంది. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. పిన్ని మురిసిపోయి నా తల నిమిరింది. అమ్మ ఆవకాయతో తినేసి, నేను చెయ్యి కడుక్కునేదాకా కూర్చుని, నా పెదవులు చూసి లేచింది.

మర్నాడు ఉదయం బాబాయి బకెట్‌లో కొర్రమేను తెచ్చారు. బతికున్నదే, బకెట్ మూత ఎగరగొడుతోంది. పిన్ని పెరట్లో కూర్చుని దానికి బూడిద పూసి జిగురు వదిలించి రాయి మీద తోముతుంటే, అమ్మ లేచి వీధి అరుగు మీదకు వెళ్ళిపోయింది. నేను పిలవలేదు.

మధ్యాహ్నం అందరం చాప మీద కూర్చున్నాం. బాబాయి ప్రార్థన చేశారు. పిన్ని నా పళ్ళెంలో ముందుగా వంకాయ కూర వేసింది. పులుసులోకి నంజుకోవడానికి అంది. నాకు అలవాటైపోయిన ప్రశ్న అడిగాను.

"పిన్నీ, ఇందులో రొయ్యలు లేవు కదా?"

"రొయ్యలెందుకుంటాయే? వంకాయ కూరేగా."

ముద్ద కలిపాను. నోటిదాకా తెచ్చాక, వంకాయ గుజ్జులో ఆవగింజల కంటే చిన్నవి, నల్లటి చుక్కలు జంటజంటలుగా కనిపించాయి. ఆవాలైతే జంటగా ఎందుకుంటాయి? ముద్దను పళ్ళెంలో పెట్టేసి అడిగాను.

"ఇవేంటి పిన్నీ?"

"ఏవి? ఓ, రొయ్యపొట్టు. గుప్పెడు వేశాను. అది పడకపోతే వంకాయ ఎవరు తింటారే?"

రొయ్యపొట్టంటే బియ్యపు గింజంత ఉండే ఎండు రొయ్య, ఆ జంట చుక్కలు దాని కళ్ళు. మా వాళ్ళ వంటింట్లో అది పోపుడబ్బా పక్కన ఉంటుంది, ఉప్పులాగా, చింతపండులాగా. రొయ్యలంటే ఇగురు పెట్టుకునేవి. పొట్టంటే కూరలో చల్లేది. పిన్ని అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో అందులో నిజంగానే రొయ్యలు లేవు.

నేను లేచి సబ్బుతో చేతులు మోచేతులదాకా కడుక్కున్నాను. తిరిగొచ్చేసరికి పిన్ని లెంపలు వాయించుకుంటోంది, బాబాయి కూర గిన్నె బయటికి తీసుకుపోతున్నారు. అమ్మ మాత్రం సంచీ కూడా తీయలేదు. నా పళ్ళెం వంక చూస్తూ ఉండిపోయింది.

ఆ చూపు చూశాకే నాకు తట్టింది. ఆ ఆదివారం కథ వందసార్లు విన్నాను. ప్రతిసారీ అందులో చేపే ఉంది. ఇంకేం ఉందని ఎవరూ అడగలేదు.

"అమ్మా, ఆ రోజు పులుసుతో పాటు ఇంకేం వండావు?"

నా పళ్ళెం మీంచి చూపు తీయకుండానే చెప్పింది. "వంకాయ."

"ఉత్త వంకాయేనా?"

పిన్నే అంది, నెమ్మదిగా, "ఉత్త వంకాయ మనింట్లో ఎవరు వండారక్కా. ఆ వారమే అమ్మ నీకు పొట్టు పంపింది. నేనే తెచ్చిచ్చాను, సంచీలో కట్టుకుని. గుర్తులేదా?" అని ఆగిపోయింది. తనేమందో అప్పుడు తెలిసింది ఆమెకు. "అయితే దానికి ఒళ్ళు అలా అయింది నా వల్లనా అక్కా?"

"నీ వల్ల ఎందుకవుతుందే" అంది అమ్మ, వెంటనే, కసిరినట్టుగా. "పిల్లకు పడదని నీకేం తెలుసు? తెలియక ఇచ్చావు. తినాలని ఇచ్చావు. అందులో నీ తప్పేముంది?"

అనేసి, తన మాటలు తనకే వినిపించినట్టు నోరు మూసుకుంది.

ఆ క్షణంలో నాకు అమ్మ మీద ఎంత ప్రేమ వచ్చిందో అంత కోపమూ వచ్చింది. చెల్లెల్ని క్షమించడానికి ఆమెకు ఊపిరి తీసుకునేంతసేపు కూడా పట్టలేదు. తనకు మాత్రం ముప్ఫై ఆరేళ్ళు ఆ మాట చెప్పుకోలేదు. "మరి నీకూ తెలియదు కదమ్మా" అన్నాను, గొంతు కాస్త పెద్దదే చేసి. "చచ్చిన చేప ఏమీ చేయలేదు. చేప నాకేనాడూ ఏమీ చేయలేదు."

అమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. చిన్నపిల్లలా, చప్పుడు చేస్తూ ఏడ్చింది. నాకు భయం వేయలేదు. గుండెల మీద కూర్చున్న మనిషెవరో లేచిపోయినట్టు హాయిగా ఉంది, ఏడుస్తున్నది ఆమె అయినా. పిన్ని, నేను చెరోవైపు కూర్చున్నాం. బాబాయి గుమ్మంలో నిలబడి, లోపలికి రావాలో వద్దో తెలియక, తువ్వాలు మడతపెడుతూ విప్పుతూ ఉన్నారు.

కాసేపటికి అమ్మ ముక్కు చీదుకుని, కళ్ళు తుడుచుకుని, ముందున్న పచ్చడన్నం పళ్ళెం పక్కకి జరిపింది.

"తలకాయ ఎవరికి దాచావే?" అని అడిగింది పిన్నిని.

పిన్నికి ముందు అర్థం కాలేదు. తర్వాత దాక మూత తీసింది. "నీకేనక్కా. నువ్వొచ్చిన ప్రతిసారీ నీకే తీసిపెట్టేదాన్ని. నువ్వు తినకుండా వెళ్ళాక మీ మరిదికి వేసేదాన్ని."

కొత్త పళ్ళెంలో వేడన్నం, దాని మీద కొర్రమేను తల, చుట్టూ పులుసు. అమ్మ చెయ్యి పెట్టింది. వేళ్ళు మరిచిపోలేదు. బుగ్గ దగ్గర మెత్తటి కండ ముందు తీసి తిన్నది, తర్వాత దవడ ఎముక విడదీసి జుర్రింది. ఉప్పు ఇంకాస్త పడాలంది. పిన్ని అవునక్కా అంది.

అమ్మ ఆ తలకాయను అరగంటసేపు తిన్నది. మా చేతులు ఎండిపోయినా మేమెవరం లేవలేదు.