దానిమ్మ తోటలో ఏడు ఫోటోలు

సౌదీలో, తాయిఫ్ కొండల మీద బుచ్చన్న చేత ఫోటో తీయించుకోవాలంటే ఒక షరతు ఉంది. చేతులు కిందికి దించాలి. నడుము మీద పెట్టుకుంటే ఒప్పుకోడు, జేబులో పెట్టుకుంటే సరే అంటాడు. పొరపాటున ఎవడైనా గుండె మీద చెయ్యి వేసుకుని సినిమా హీరోలా నిలబడ్డాడా, ఇక ఆ పూటకు ఫోను జేబులో పడేసుకుని వెళ్ళిపోతాడు. తోటివాళ్ళు వెనకాల "పాస్‌పోర్టు బుచ్చన్న" అని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. కారణం చెప్పుకోవడం కన్నా పేరు పడటమే నయమని అతని లెక్క.

బుచ్చన్నది నిర్మల్ జిల్లా, ఖానాపూర్ పక్క పల్లె. పద్నాలుగేళ్ళుగా ఒకే కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర, ఒకే దానిమ్మ తోటలో పని. కాయ కోత అయిపోయి చలిగాలి మొదలయ్యాక, నవంబరులో ఆ తోట పసుపు రంగుకు తిరుగుతుంది. ఊళ్ళో వాళ్ళకు సౌదీ అంటే ఇసుకే కదా, ఆ మాట అనేవాళ్ళ నోరు మూయించే రంగు అది. పది రోజులుంటే గొప్ప, ఒక్క పెద్దగాలి వచ్చిందంటే చెట్లు బోసిపోతాయి. అందుకే ఆ పది రోజుల్లో వచ్చే శుక్రవారం చుట్టుపక్కల తోటల వాళ్ళంతా ఉతికిన చొక్కాలేసుకుని బుచ్చన్న దగ్గరికి వస్తారు. పొద్దు ఆకుల వెనక ఉండాలని, మనిషి మొహం మీద ఎదురుగా ఉన్న సున్నపు గోడ వెలుగు పడాలని అతనికి ఎవరూ నేర్పలేదు. చూసి చూసి కళ్ళకే తెలిసింది.

మూడేళ్ళ కింద ఒక శుక్రవారం ఆ గోడ ఎదురుగానే, చివరి వరుస చెట్ల కింద స్వామిని నిలబెట్టాడు. స్వామి ఎనిమిదేళ్ళు అతనితో ఒకే గదిలో ఉన్నవాడు, ఒకే కంచంలో తిన్నవాడు. ఆ ఉదయం గది నుంచి తోట చివరికి నడుస్తూ రెండుసార్లు ఆగి ఛాతీ రుద్దుకున్నాడు. గ్యాసే, రాత్రి తిన్న పప్పు పడలేదన్నాడు. బుచ్చన్నకు పొద్దు మీదే ధ్యాస. పైకెక్కితే ఆకుల్లో ఆ మెరుపు ఉండదని తొందరపెట్టాడు. మొదటి ఫోటోలో స్వామి చేతులు దించుకుని నవ్వాడు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గుండె మీదికి పోయింది.

"అగో, గట్లనే! గా చెయ్యి గట్లనే ఉంచు. రాజు లెక్కున్నవ్ రా!" అన్నాడు బుచ్చన్న.

"జల్ది తియ్యన్నా, కూసుంట," అన్నాడు స్వామి.

"ఇంకొక్కటి," అన్నాడు బుచ్చన్న. ఆ ఇంకొక్కటి నాలుగయ్యాయి.

ఆదివారం మధ్యాహ్నం నీళ్ళ పైపు విప్పుతూ స్వామి పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. గుండె అన్నారు. శవం ఊరు చేరడానికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. అప్పటికే, స్వామి తన భార్య సీతాబాయికి పంపుకున్న ఫోటో ఖానాపూర్ స్టూడియోలో పెద్దదై, దండ వేసుకుని గోడెక్కింది. గుండె మీద చెయ్యి, వెనక తంగేడు పూసినట్టు పసుపు. చూసినవాళ్ళంతా రాజులా ఉన్నాడన్నారట. సీతాబాయి ఆ మాట ఫోన్లో చెప్పి, "నీ చేతి పున్నెమే అన్నా," అన్నప్పుడు బుచ్చన్న తింటున్న కంచం పక్కకు నెట్టేశాడు.

అప్పటి నుంచి మింగలేడు, కక్కలేడు. ఈ మధ్యలో రెండు ఫోన్లు మారాయి. మారినప్పుడల్లా ఆ ఏడింటినీ భద్రంగా కొత్తదాన్లోకి ఎక్కించాడే గానీ ఒక్కసారి తెరిచి చూడలేదు. చెరిపేద్దామంటే వేలు రాదు. తోట పసుపుకు తిరిగిందా, ఆ చెట్ల కింద ఎవరిని నిలబెట్టినా వాళ్ళ భుజం వెనక స్వామి నిలబడి "జల్ది తియ్యన్నా" అంటాడు. అదీ పట్టపగలు. ఒకసారి అతను ఫోను దించేసి వెనక్కి తగ్గడం చూసి, తోట లారీ నడిపే షాకీర్ తాయెత్తు కట్టించుకోమన్నాడు. కట్టించుకున్నాడు కూడా. స్వామి తాయెత్తుకు జంకే రకమా? బతికున్నప్పుడే ఎవరికీ జంకలేదు.

ఈ నవంబరులో సీతాబాయి ఫోను చేసింది. వానలకు గోడ చెమ్మెక్కి ఫోటో పాడైందట, మళ్ళీ కొత్తది చేయించాలట.

"ఆ పొద్దు ఒక్కటే తీసినవా అన్నా? ఇంకేమన్న ఉంటే పంపు. కావ్య వాళ్ల బాపును సూస్తనంటుంది," అంది. కావ్య కూతురు, డిగ్రీ చదువుతోంది.

లేవంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఏడింటినీ వరసగా చూస్తే, ఆ చెయ్యి ఠీవికి పెట్టింది కాదని చిన్నపిల్లకైనా తెలిసిపోతుంది. ఏడోదాంట్లో స్వామి వేళ్ళు చొక్కాను పిడికిట పట్టుకుని ఉన్నాయి. తెరిచి చూడకపోయినా బుచ్చన్నకు అది తెలుసు. పంపితే ఆమె తన మొహం చూడదు. పంపకపోతే ఆ చెయ్యి కొత్త ఫ్రేములో మళ్ళీ రాజులా గోడెక్కుతుంది. అది ఇంకోసారి భరించడం తన వల్ల కాదనుకున్నాడు.

శుక్రవారం ఉదయం, ఫోటోల కోసం ఎవరూ రాకముందే, ఆ గోడకు ఆనుకుని కూర్చుని ఏడూ పంపాడు. వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టడానికి ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"చెల్లె, గది పోజు గాదు. వానికి నొస్తుండె. నాకు సమజ్ గాలే. కూసుంటనంటే నేనే నిలవెట్టిన."

అంతే చెప్పగలిగాడు. దారిలో స్వామి రెండుసార్లు ఆగిన సంగతి మాత్రం నోరు దాటలేదు.

ఆమె విన్నట్టు వాట్సాప్‌లో నీలి గుర్తులు పడ్డాయి. ఆ వారమంతా అతని మనసు మనసులో లేదు. ఫోను మోగితే ఉలిక్కిపడ్డాడు, మోగకపోతే కుంగిపోయాడు. బుధవారం పెద్దగాలి వీచి ఆకులన్నీ రాలాయి. మర్నాడు పొద్దున రాలిన ఆకులు పోగుచేస్తుంటే సీతాబాయి ఫోను వచ్చింది.

"నీ మీద కోపం లేదంటే అబద్ధమన్నా," అంది. "మూడు దినాలు బువ్వ తినలే. నువ్వు జెప్పకపోతే సచ్చేదాంక గదే సూస్కుంట మురిసేదాన్ని."

"తప్పయింది చెల్లె."

"గా ఫోటో తీసేసిన. మొదటిది పెట్టిచ్చిన. గందుల చేతులు కిందికే ఉన్నయి, నవ్వుతుండు." ఆమె గొంతు సన్నబడింది. "గప్పటికి ఇంక నొస్తలేకుండె గదా అన్నా?"

బుచ్చన్న తలెత్తి చూశాడు. బోసిపోయిన చెట్ల మధ్య దారిలో స్వామి రెండోసారి ఆగి, ఛాతీ రుద్దుకుంటున్నాడు.

"లేదు చెల్లె," అన్నాడు. "గప్పటికి ఏం లేకుండె."